బడి గ్రంథాలయంలో వారం వారం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రాథమిక పాఠశాలల గ్రంథాలయాల నిర్వహణ గురించి కొంతకాలంగా మాకు వస్తున్న ఉత్తరాలలో కొన్నింటిని ఎంచి, కుదించి, సమాధానాలతో సహా ఇక్కడ ప్రచురిస్తున్నాము. రాసినవారి పేర్లు, ఊర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా బడిలో ఒక్కో తరగతికి వారానికి ఒకే ఒక్క గ్రంథాలయ పీరియడ్ ఉంది, అదీ నలభై నిమిషాలు. పాత పుస్తకాలు తీసుకోవడం, కొత్తవి ఇవ్వడంతోనే అది గడిచిపోతోంది. ఇది చాలక, ప్రతి వారం ఏదో ఒక కార్యక్రమం జరిపి నెలాఖరుకు నివేదిక ఇవ్వాలట. క్విజ్, చిత్రలేఖనం పోటీ, పాత్రల వేషధారణ అన్నీ అయిపోయాయి. ఇంకా ఏమి చేయవచ్చు?
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: ఇంకా ఏమి చేర్చవచ్చునో వెతికే ముందు, ఉన్నవాటిలో ఏవి తీసేయవచ్చునో చూడండి. క్విజ్ జరుగుతున్నంతసేపూ, వేషాలు వేస్తున్నంతసేపూ పుస్తకాలు మూసే ఉంటాయి. ఏడాదికి ఒకటి రెండు సార్లు అవి ముచ్చటగానే ఉంటాయి గాని, వారం వారం జరగవలసినవి వేరు. ఒకరు చదువుతుంటే అందరూ వినడం, ఎవరికి కావలసిన పుస్తకాన్ని వారు ఎంచుకోవడం, ఎంచుకున్నదాన్ని అక్కడే కూర్చుని చదువుకోవడం, చదివినదాని గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవడం, ఈ నాలుగూ ప్రతి వారం ఒకే వరుసలో జరిగితే మూడో నెలకల్లా పిల్లలకు మీరు ఏమీ చెప్పనక్కర లేకుండానే పీరియడ్ నడుస్తుంది.

ముందుగా, పుస్తకాలు తిరిగి ఇచ్చే పనిని పీరియడ్ బయటికి పంపండి. గ్రంథాలయం తలుపు దగ్గర ఒక పెట్టె పెట్టి, పిల్లలు ఉదయం బడికి రాగానే చదివేసిన పుస్తకాన్ని అందులో వేసేలా అలవాటు చేస్తే, పై తరగతి పిల్లలు ఇద్దరు వాటిని రిజిస్టరులో జమ వేసి అరలలో సర్దగలరు. దీనివల్ల మిగిలే సమయాన్ని బిగ్గరగా చదివి వినిపించడానికి కేటాయించండి. పన్నెండు, పదిహేను నిమిషాలు చాలు. అయితే ఆ పుస్తకాన్ని మీరు ముందే ఒకసారి చదివి, ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టుకుని రావాలి. గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహ పరిశోధకులు 1988లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు మూడేళ్ల పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివి వినిపించే తల్లిదండ్రులకు ఊరికే చదువుకుంటూ పోకుండా మధ్యలో ఆగి అడగడం, పిల్లవాడు చెప్పిన జవాబుకు మరో మాట జోడించి తిరిగి చెప్పడం నేర్పితే, నెల రోజులలోనే ఆ పిల్లలు మాట్లాడే భాష మెరుగుపడినట్లు తేలింది. అది ఇంట్లో పసిపిల్లలతో జరిగిన పరిశోధనే అయినా, ఆ పద్ధతి ఒకటి, రెండు తరగతుల గదిలోనూ చక్కగా పనిచేస్తుంది. “ఇప్పుడు వాడు ఏమి చేస్తాడు? నీకు ఎందుకు అలా అనిపించింది?” అనే రెండు ప్రశ్నలు చాలు. ఆగడం మరీ ఎక్కువైతే కథ విరిగిపోతుంది కనుక ఒక పుస్తకానికి మూడు, నాలుగు చోట్లకు మించి ఆగవద్దు.

ఎంచుకోవడానికి పది నిమిషాలైనా ఇవ్వండి. వీపులు మాత్రమే కనిపించేలా ఇరికించిన పుస్తకాలలోంచి చిన్నపిల్లలు ఎంచుకోలేరు. కొన్నింటినైనా అట్ట ముందుకు తిప్పి నిలబెట్టండి. మిగిలిన సమయం మౌనపఠనానిది. ఆ సమయంలో మీరు కూడా ఒక పుస్తకం తీసుకుని చదవండి, దయచేసి రిజిస్టరు పని పెట్టుకోవద్దు.

ఇక నివేదికకు పనికివచ్చే చిన్న కార్యక్రమం ఒకటి చెబుతాము. ప్రతి సోమవారం తలుపు మీద ఒక ప్రశ్న అంటించండి: “ఆక్టోపస్‌కు గుండెలు ఎన్ని?” వంటిది. దాని జవాబు మీ అరలలోని ఏదో ఒక పుస్తకంలో తప్పక ఉండాలి. జవాబుతో పాటు పుస్తకం పేరు, పుట సంఖ్య రాసిన చీటీలనే పరిగణనలోకి తీసుకోండి. మూడు అని ఎవరైనా ఊహించి రాయవచ్చు గాని, పుట సంఖ్య కావాలంటే పుస్తకం తెరవక తప్పదు. నెలాఖరు నివేదికలో ఏ పుస్తకాలు చదివి వినిపించారో, ఎన్ని పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయో, మూడు వారాలుగా ఏ పుస్తకమూ తీసుకోని పిల్లలు ఎందరో రాయండి. ఆ చివరి అంకెను అడిగే అధికారులు తక్కువే అయినా, మీకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది అదే.

ప్రశ్న: మేము వారానికో ఇతివృత్తం పెడుతున్నాము. ఒక వారం జంతువులు, మరో వారం స్నేహం, ఆ పైవారం అంతరిక్షం. బల్ల మీద పుస్తకాలు పేర్చి, గోడలకు బొమ్మలు అంటించేసరికే సగం వారం అయిపోతోంది. పిల్లలకు రుచి తగిలేలోపే మార్చేయవలసి వస్తోంది. ఇతివృత్తాలను ఎలా ఎంచుకోవాలి? ఎంతకాలం ఉంచాలి?
– గ్రంథాలయ బాధ్యతలు చూస్తున్న ఒక ఉపాధ్యాయుడు

సమాధానం: వారానికి ఒక పీరియడ్ మాత్రమే ఉన్న తరగతికి “వారపు ఇతివృత్తం” అంటే ఒక గంటైనా నిలవని ఇతివృత్తమే. ఒక్కోదాన్ని మూడు, నాలుగు వారాలు ఉంచండి. ఇతివృత్తాన్ని అలాగే ఉంచి, అందులోని ప్రశ్నను వారం వారం మార్చండి.

ఇలా చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల విద్యార్థులు 64 మందికి బేస్‌బాల్ ఆటలోని ఒక ఘట్టాన్ని వర్ణించే భాగాన్ని చదవమని ఇచ్చి, చదివినదాన్ని మైదానపు నమూనా మీద బొమ్మలను కదుపుతూ చూపించమన్నారు, మాటలలోనూ చెప్పమన్నారు. చదవడంలో వెనుకబడి ఉన్నా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందుండి ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ చెప్పగలిగారు. 1988లో వెలువడిన ఈ అధ్యయనం పిల్లల గ్రంథాలయానికి చేసే ఉపకారం పెద్దది: ఒక విషయం మీద నాలుగో పుస్తకం చదివే పిల్లవాడికి మొదటి మూడు పుస్తకాలలో పరిచయమైన మాటలు, సంగతులు తోడుంటాయి కనుక, విడిగా ఇస్తే కష్టమనిపించే పుస్తకం కూడా అప్పుడు అందుతుంది. వారం వారం విషయం మారిపోతే, వెనుకబడిన పిల్లలు ప్రతిసారీ మొదటి పుస్తకం దగ్గరే ఉండిపోతారు.

ఎంపిక విషయానికి వస్తే, “జంతువులు” మరీ పెద్దది. దాని కింద గ్రంథాలయంలో సగం పుస్తకాలు వచ్చేస్తాయి. “స్నేహం”, “నిజాయితీ” వంటి గుణాలను ఇతివృత్తాలుగా పెట్టడం మాకు అంతగా నచ్చదు. కథ మొదలుకాకముందే అందులోని నీతి ఏమిటో పిల్లలకు తెలిసిపోతుంది, ఆపైన వారు కథను వినరు, టీచరుకు కావలసిన జవాబు కోసం ఎదురుచూస్తారు. కంటికి కనిపించేదీ, ప్రశ్నలు పుట్టించేదీ తీసుకోండి: వాన, చీమలు, ఎముకలు, వంతెనలు, గింజలు, రాత్రి, పటాలు. ప్రకటించే ముందు అరల దగ్గరకు వెళ్లి ఆ విషయం మీద పుస్తకాలు బయటికి తీసి చూడండి. ఒక మంచి కథ, ఒక విజ్ఞాన పుస్తకం, కొన్ని గేయాలు, అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు పనికివచ్చే బొమ్మల పుస్తకాలు, ఇవన్నీ కలిపి ఒక తరగతిలో సగం మందికైనా సరిపడకపోతే ఆ ఇతివృత్తాన్ని వదిలేయండి, అది ఎంత గొప్పదైనా సరే.

ఉదాహరణకు వానను తీసుకుందాము. మొదటి వారం వాన ఎలా పడుతుందన్న ప్రశ్న. రెండో వారం వాన కోసం ఎదురుచూసే కప్పలు, వానపాములు, గింజల సంగతి. మూడో వారం వాన ఎక్కువైతే ఏమవుతుంది, రాకపోతే ఏమవుతుంది. నాలుగో వారం వాన కురిసే కథలు, గేయాలు. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసి అరలలో అమర్చేందుకు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణ ప్రకారం వాన 551 దగ్గర, కప్పలు 597 దగ్గర, ఆనకట్టలు 627 దగ్గర, జానపద కథలు 398 దగ్గర ఉంటాయి. అంటే ఒకదానికొకటి దూరంగా ఉండే అరలలోని పుస్తకాలు మీ బల్ల మీద కలుసుకుంటాయన్న మాట. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఈ అంకెలు రాసిన చీటీలు ఇచ్చి పుస్తకాలు వెతికి తెమ్మంటే, వర్గీకరణ పాఠం చెప్పకుండానే వారికి గ్రంథాలయంలో దారి తెలుస్తుంది. మీ గ్రంథాలయంలో అంకెలు వేయకపోతే రంగు కాగితపు గుర్తులైనా ఫరవాలేదు.

వానలు పడే రోజులైతే ఒక పని చేయవచ్చు. గోడలు నిట్టనిలువుగా ఉండే గాజు సీసాకు స్కేలు అంటించి ఆరుబయట పెట్టి, రోజూ ఒకే సమయానికి ఎన్ని మిల్లీమీటర్లు నిండిందో చూసి గ్రంథాలయం తలుపు మీది పట్టికలో రాయించండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు పడినట్లు. ఆ లెక్క విన్న పిల్లలు బడి ఆవరణలో ఎన్ని లీటర్లు పడ్డాయో తేల్చే పనిలో పడతారు, ఆ పని వారిని మళ్లీ పుస్తకాల దగ్గరికే తీసుకువస్తుంది.

అలంకరణకు ఒక బల్ల, ఒక గుడ్డ, పెద్ద అక్షరాలతో ప్రశ్న రాసిన ఒక కాగితం సరిపోతాయి. ఇతివృత్తం బల్ల మీది పుస్తకాలనే తీసుకోవాలన్న నిబంధన మాత్రం పెట్టవద్దు. అందరూ వాన గురించి చదువుతున్నప్పుడు డైనోసార్ల పుస్తకమే కావాలనే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. వాడి పుస్తకం వాడికి ఇచ్చేయండి.

ప్రశ్న: పుస్తకాలకు సంబంధించిన దినోత్సవాలన్నీ జరపాలా? పట్టిక చూస్తే భయం వేస్తోంది.
– ఒక ప్రధానోపాధ్యాయిని

సమాధానం: అక్కర లేదు, ఏడాదికి రెండు ఎంచుకోండి. పిల్లల కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పుట్టిన రోజైన ఏప్రిల్ 2వ తేదీని 1967 నుంచి అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవంగా జరుపుతున్నారు. దీన్ని నిర్వహించే అంతర్జాతీయ సంస్థను యెల్లా లెప్‌మాన్ చొరవతో 1953లో జ్యూరిక్‌లో స్థాపించారు. యుద్ధంలో దెబ్బతిన్న జర్మనీలో 1946లో ఆమె అనేక దేశాల నుంచి పిల్లల పుస్తకాలు అడిగి తెప్పించి ప్రదర్శన పెట్టారు, 1949లో మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాలల గ్రంథాలయం ప్రారంభించారు. పిల్లలకు ఆ రోజు చెప్పదగిన కథ ఇదే. ఏప్రిల్ 23వ తేదీని యునెస్కో 1995లో ప్రపంచ పుస్తక దినోత్సవంగా ప్రకటించింది. సెప్టెంబరు 8 అక్షరాస్యతా దినం. బడి గ్రంథాలయాలకు ప్రత్యేకించినది కావాలంటే అక్టోబరు నెలంతా ఉంది. మీ బడి సెలవులకు, పరీక్షలకు అడ్డురానివి చూసుకోండి. ఆ రోజున కూడా ఉపన్యాసాల కంటే, బడి అంతా ఒకేసారి అరగంట పుస్తకం పట్టుకుని కూర్చోవడం మేలు.

ప్రశ్న: నెలలో ఎక్కువ పుస్తకాలు చదివిన విద్యార్థికి బహుమతి ఇస్తున్నాము. మొదట్లో ఉత్సాహం కనిపించింది. ఇప్పుడు పిల్లలు పలుచటి పుస్తకాలే వెతుక్కుంటున్నారు. బహుమతి ఆపేయాలా?
– ఒక పాఠశాల యాజమాన్య సభ్యుడు

సమాధానం: ఆపేయడమే మంచిది. లెక్కకు బహుమతి పెట్టినప్పుడు పిల్లలు లెక్కను పెంచుతారు, అందులో వారి తప్పేమీ లేదు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్‌బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలపై చేసిన ప్రయోగం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, ఆ తరువాత స్వేచ్ఛగా ఆడుకునే సమయంలో బొమ్మలు వేయడానికి తక్కువ సమయం గడిపారు. ముందుగా చెప్పకుండా చివర్లో పత్రం ఇచ్చిన పిల్లలలో ఆ తగ్గుదల లేదు. చదవడం విషయంలో బార్బరా మారినాక్, లిండా గ్యాంబ్రెల్ 2008లో మూడో తరగతి పిల్లలతో చేసిన పరిశీలన మనకు మరింత దగ్గరిది: చిల్లర వస్తువులు బహుమతిగా పొందిన పిల్లల కంటే, పుస్తకమే బహుమతిగా పొందినవారూ, అసలు ఏ బహుమతీ పొందనివారూ ఆ తరువాత చదవడంపై ఎక్కువ ఆసక్తి చూపారు.

కాబట్టి, ఏదో ఒకటి ఇవ్వక తప్పదనుకుంటే పుస్తకమే ఇవ్వండి, పోటీ లేకుండా ఇవ్వండి. అంతకంటే ఖర్చు లేనిది మరొకటి ఉంది. పుస్తకం చివరి అట్ట లోపల ఒక కాగితం అంటించి, చదివిన పిల్లలు తరువాత చదవబోయేవారికి ఒక వాక్యం రాసేలా చేయండి. “మధ్యలో విసుగేస్తుంది, చివరిదాకా ఆగు” అని తోటి పిల్లవాడు రాసిన మాటకు ఉన్న విలువ మన సిఫారసులకు లేదు.

ప్రశ్న: మా అబ్బాయి మూడో తరగతి. నెల రోజులుగా ఒకే బొమ్మల పుస్తకాన్ని మళ్లీ మళ్లీ ఇంటికి తెస్తున్నాడు. వయసుకు తగినవి చదవమంటే మొండికేస్తున్నాడు. ఏమి చేయాలి?
– ఒక తల్లి

సమాధానం: కొన్నాళ్లు ఏమీ చేయకండి. తెలిసిన పుస్తకాన్ని మళ్లీ చదివేటప్పుడు మాటలు గుర్తుపట్టే శ్రమ తగ్గి చదవడంలో ధార వస్తుంది. బొమ్మల పుస్తకం చిన్నపిల్లలదేనన్న అభిప్రాయం కూడా సరైనది కాదు. వాటిలో కొన్నింటి భాష మూడో తరగతి పాఠ్యపుస్తకం కంటే బరువుగా ఉంటుంది. అతను పుస్తకం తెచ్చిన రోజున, మీకు చదివి వినిపించమని అడగండి, తప్పులు దిద్దకండి. ఆ పుస్తకంలో అతనికి నచ్చినది రైలో, కుక్కో, ఆ నవ్వు తెప్పించే మనిషో కనిపెట్టి గ్రంథాలయ బాధ్యులకు చెబితే, అదే దారిలో ఉన్న మరో పుస్తకాన్ని వారు అతని కంటపడేలా పెట్టగలరు.

ఒక పుటలో అయిదు తెలియని మాటలు వస్తే ఆ పుస్తకం కష్టమని వేళ్లు మడిచి లెక్కించే పద్ధతి ఒకటి చాలా బడులలో ఉంది. అది పుస్తకం ఎంచుకోవడంలో పిల్లవాడికి తోడ్పడే అంచనా మాత్రమే, అడ్డుకునే నియమం కాదు.

ప్రశ్న: పుస్తకాలు చిరుగుతున్నాయి, తడుస్తున్నాయి, కొన్ని తిరిగి రావడమే లేదు. ఖరీదైనవాటిని బీరువాలో పెట్టి తాళం వేయమంటున్నారు. మీ అభిప్రాయం?
– గ్రంథాలయంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు

సమాధానం: తాళం వేయవద్దు. ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచ సూత్రాలలో మొదటిది “పుస్తకాలు ఉపయోగించుకోవడానికే” అన్నది. ఒకప్పుడు ఐరోపా గ్రంథాలయాలలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టి ఉంచేవారు. మన బీరువా తాళం ఆ గొలుసుకు దగ్గరి చుట్టమే. పిల్లలు బాగా ఇష్టపడిన పుస్తకమే ముందు చిరుగుతుంది కనుక, చిరిగినవాటి పట్టిక తయారుచేస్తే రాబోయే ఏడాది ఏవి రెండేసి ప్రతులు కొనాలో తెలుస్తుంది.

చిరిగిన పుటలకు మామూలు సెల్లోఫేన్ టేపు వేయకండి. కొంతకాలానికి అది పసుపురంగుకు మారి, జిగురు కాగితంలోకి ఇంకి, మరక మిగిల్చి ఊడిపోతుంది. పలుచటి కాగితపు పీలికను పిండి జిగురుతో అంటించి, మైనపు కాగితాల మధ్య పెట్టి, బరువు కింద ఆరనివ్వండి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పడేస్తే పుటలు వంకరపోతాయి. నీటిని పీల్చే కాగితాలను పుటల మధ్య ఉంచి, వాటిని మారుస్తూ, గాలి తగిలేచోట నీడలో ఆరబెట్టాలి. తిరిగి రాని పుస్తకానికి జరిమానా వేస్తే పుస్తకమూ రాదు, పిల్లవాడూ రాడు. ఏడాదికి రెండుసార్లు, ఏ ప్రశ్నలూ అడగకుండా పాత పుస్తకాలు తీసుకునే వారం ఒకటి ప్రకటించండి.

ప్రశ్న: నేను అయిదో తరగతి చదువుతున్నాను. మా గ్రంథాలయంలో టీచరు గారికి సాయం చేయాలని ఉంది. కానీ నాకు లావు పుస్తకాలు చదవడం రాదు. నన్ను తీసుకుంటారా?
– ఒక విద్యార్థిని

సమాధానం: నీ ఉత్తరం చూసి చాలా సంతోషించామమ్మా. గ్రంథాలయంలో సాయం చేయడానికి లావు పుస్తకాలు చదివి ఉండనక్కర లేదు. పెట్టెలో పడిన పుస్తకాలను రిజిస్టరులో జమ వేయాలి, వాటిని వాటి అరలలో సర్దాలి, సోమవారం ప్రశ్న రాసి తలుపుకు అంటించాలి. వీటన్నిటికంటే ముఖ్యమైన పని మరొకటుంది. ఒకటో తరగతిలో ఇంకా చదవడం రాని పిల్లలకు ఎవరైనా పక్కన కూర్చుని చదివి వినిపించాలి. వారికి కావలసినవి పలుచటి పుస్తకాలే కనుక ఆ పని నువ్వు బాగా చేయగలవు. ఒక బొమ్మల పుస్తకం ఎంచుకుని, ఇంట్లో రెండు మూడుసార్లు పైకి చదివి సాధన చేయి. చదివేటప్పుడు బొమ్మ వారికి కనిపించేలా పుస్తకాన్ని పక్కకు తిప్పి పట్టుకో, వారు పుట తిప్పుతామంటే తిప్పనివ్వు. మాటలే లేని బొమ్మల పుస్తకం దొరికితే ఇంకా మంచిది, అప్పుడు కథ చెప్పే వంతు వారిది. ఈ సమాధానాన్ని మీ టీచరు గారికి చూపించి, వారానికి ఏ రోజు, ఏ సమయంలో రమ్మంటారో అడుగు.